ఆఖరు ఎవరండీ?

మిగ్దాలియాకు లైన్లంటే ఒళ్ళుమంట. అన్నీ రేషన్లోనే దొరికే తన దేశంలో, సియెన్‌ఫ్వేగోస్ అనే ఊళ్ళో పుట్టింది మొదలు అరవై దాటేదాకా రొట్టెకు లైను, కోడికి లైను, గ్యాసుకు లైను. ఆ లైన్లలో నిలబడి నిలబడి కాళ్ళు వాస్తే మోకాళ్ళకు రాసుకునే తైలానికి ఇంకో లైను. "నన్ను పూడ్చేనాడు కూడా నా ముందు నలుగురుంటారు, చూస్తూ ఉండండి" అని ఆవిడ అనని రోజు లేదు. అలాంటి మనిషి ఉరుగ్వే దేశపు మాంటెవీడియోలో కూతురి దగ్గరికి వచ్చి నెల తిరక్కముందే లైన్ల మీద బెంగ పెట్టుకుంది. చెబితే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కూడా. అసలు బాధ అదే.

కూతురు దయామీ నాలుగేళ్ళ కిందట ఒంటరిగా ఉరుగ్వే చేరి, ముసలివాళ్ళను చూసుకునే ఒక ఆశ్రమంలో పనికి కుదిరింది. పొద్దున్న చీకటితో వెళుతుంది, సాయంత్రం చీకటితో వస్తుంది. వచ్చాక సోఫాలో కూలబడి ఒక బూటు విప్పి, రెండోది విప్పకముందే నిద్రపోతుంది. తల్లి వచ్చిన రోజున విమానాశ్రయంలో ఆవిణ్ణి పట్టుకుని వదల్లేదు ఆ పిల్ల. కానీ మిగ్దాలియా బయల్దేరేముందే షరతు పెట్టింది. అక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలం వెళ్ళేదాకా ఉంటుంది. ఈలోగా మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి దొరికినా ఇక్కడే ఉండిపోతుంది. దొరక్కపోతే తిరుగు టికెట్టు ఉండనే ఉంది, సెప్టెంబరులో వెళ్ళిపోతుంది. ఊళ్ళో ఇన్ని లక్షలమంది ఉంటే ఒక్క మనిషి దొరక్కపోవడమేమిటని దయామీ ధీమాగా సరేనంది. తను నాలుగేళ్ళలో ఎంతమందిని సంపాదించిందో మాత్రం చెప్పలేదు.

లైను అంటే మిగ్దాలియా ఊళ్ళో అదొక పద్ధతి. కంటికి కనబడదు. వచ్చినవాళ్ళు "ఆఖరు ఎవరు?" అని గాల్లోకి ఒక కేక వేస్తారు, ఎవరో చెయ్యెత్తుతారు. ఆ మొహం గుర్తుపెట్టుకుంటే చాలు, చోటు ఖాయం. తర్వాత వచ్చినవాళ్ళకు నీ మొహం చూపించి ఇక నీ దారిన నువ్వు పోవచ్చు. నీడపట్టున కూర్చుంటావో, ఇంకో లైనులో చోటు పెట్టి వస్తావో, ఇంటికెళ్ళి చిక్కుడుగింజలు పొయ్యి మీద పడేసి వస్తావో నీ ఇష్టం. నీకోసం పెట్టుకోవచ్చు, నీ ఇంటి మనిషి కోసం పెట్టొచ్చు. బయటివాళ్ళ కోసం పెట్టావో, లైను లైనంతా మీద పడుతుంది. మిగ్దాలియాకు మొగుడు దొరికింది ఫ్యాన్ల లైన్లో. ఆఖరి ఫ్యాను తన వంతుకు వస్తే రిగోబెర్తో వెనక్కి తిరిగి, "మీరు తీసుకోండి, గాలి ఇద్దరం పంచుకుందాం" అన్నాడు. దయామీ కడుపులో ఉండగా నొప్పులు మొదలైంది రొట్టెల లైన్లో. లైనంతా కలిసి ఆవిణ్ణి ఆస్పత్రికి పంపింది, రొట్టెను ఇంటికి పంపింది.

ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఎక్కడికెళ్ళినా తలుపు దగ్గర ఒక మిషను, చీటీ చించుకోవాలి, తెర మీద అంకె వచ్చేదాకా నోరు కట్టేసుకుని కూర్చోవాలి. మొదటి వారంలో మందుల షాపుకు వెళ్ళి, చింత చచ్చినా పులుపు చావనట్టు, "ఆఖరు ఎవరండీ?" అని కేకేసింది. అక్కడున్నవాళ్ళంతా ఉలిక్కిపడి, అంకెల్లో ఏదో తేడా వచ్చిందనుకుని తెర వైపు చూశారు. బస్సు డ్రైవరును "నా బంగారం, కాస్త ఆ మూల మీద ఆపు" అంటే ఆ బంగారం చెవులదాకా ఎర్రబడ్డాడు. మర్యాదకు లోటు లేదు, అది ఒప్పుకోవాలి. తలుపు తీసి పట్టుకుంటారు, బరువు అందుకుంటారు. మాట మాత్రం కలపరు. చంకలో బిడ్డలా వేడినీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే అనే చేదు ఆకు కషాయం నింపిన బుర్ర, నోట్లో దాని గొట్టం. గొట్టం నోట్లో ఉన్నంతసేపూ మాట్లాడక్కర్లేదు కాబట్టే దాన్ని కనిపెట్టి ఉంటారని మిగ్దాలియా తీర్మానించింది.

జూన్ నెలాఖర్లో ఒక ఉదయం కూరగాయలకని బయల్దేరి వీధి మలుపు తిరిగిందో లేదో, ఆవిడ గుండె గంతేసింది. విల్మార్ అనే ఆయన పిండివంటల దుకాణం ముందు లైను. మనుషులతో కట్టిన, చీటీలు లేని, అచ్చమైన లైను. ఆ రోజు ఇరవై తొమ్మిదో తేదీ అని, ప్రతి నెలా ఆ తేదీన ఈ ఊళ్ళో ఇంటింటా న్యోకీలనే బంగాళాదుంప పిండి ఉండలు ఉడికించుకు తింటారని, పళ్ళెం కింద ఒక నోటు పెట్టుకుని తింటే ఆ నెల లోటుండదని నమ్ముతారని ఆవిడకు తెలీదు. తెలియాల్సిన అవసరమూ లేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు, వాళ్ళ ఊళ్ళో ముందు చోటు పట్టుకుంటారు, ఏమిస్తున్నారో తర్వాత అడుగుతారు.

"ఆఖరు ఎవరండీ?" అంది సంబరంగా.

చివర నిలబడ్డావిడ వెనక్కి తిరిగింది. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. బూడిదరంగు కోటు, చంకలో ఫ్లాస్కు. మూడిళ్ళ అవతల ఉండే నేలిదా ఆవిడే. అప్పటిదాకా ఇద్దరికీ తల ఊపుకునేంత పరిచయం.

"కనబడుతూనే ఉన్నాగా. నేనే" అంది నేలిదా.

"ఏం వచ్చింది ఇవాళ?"

"ఎక్కడికి?"

"కొట్లోకండీ. ఏమిస్తున్నారు?"

"న్యోకీలు."

"మనిషికి ఎన్ని?"

నేలిదా ఆవిణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "మీకెన్ని కావాలంటే అన్ని."

మిగ్దాలియా నమ్మలేదు. ఎన్ని కావాలంటే అన్ని ఇచ్చేచోట ఇంతమంది ఎందుకు నిలబడతారు? ఏదో మర్మం ఉంది. ఉంటే మాత్రం పెద్ద గిన్నె లేకుండా రావడం తప్పు. నేలిదా మొహాన్ని బాగా గుర్తుపెట్టుకుంది. వెనకాల ఎర్ర టోపీ పెట్టుకున్న ఒకాయన వచ్చి నిలబడితే, ఈవిడ తర్వాత నేను, నా తర్వాత మీరు అని విడమరిచి చెప్పింది. ఆయన పాపం తలూపాడు. ఈవిడ నిశ్చింతగా ఇంటికెళ్ళింది, కాఫీ పెట్టుకు తాగింది, శాలువా కప్పుకుంది, ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద గిన్నె పట్టుకుని తాపీగా తిరిగొచ్చింది. అప్పటికి నేలిదా గుమ్మం దాకా చేరింది. మిగ్దాలియా సరాసరి వెళ్ళి ఆవిడ వెనకాల నిలబడింది.

"అమ్మా, లైను చివర అక్కడుందండి" అన్నాడు ఎర్ర టోపీ ఆయన.

అదేమిటి, చెప్పే కదా వెళ్ళానని మిగ్దాలియా నేలిదాను సాక్ష్యం అడిగింది. నేలిదా ఉన్నదున్నట్టు చెప్పింది. ఉంది, వెళ్ళిపోయింది. ఇక్కడ వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే లెక్క. మిగ్దాలియా గొంతు పెంచింది. వాళ్ళ ఊళ్ళో అయితే సగంమంది ఈవిడ వైపు, సగంమంది ఆయన వైపు చేరి, ఆయన టోపీనీ ఈవిడ గిన్నెనూ ఏడు తరాలవాళ్ళనూ తలుచుకుని, చివరికి నవ్వుకుని, సాయంత్రానికి ఒకరింట్లో ఒకరు కాఫీ తాగేవాళ్ళు. ఇక్కడ ఎవరూ ఎదురు మాట్లాడలేదు. అందరూ తమ తమ బూట్ల వైపు చూసుకున్నారు. పోట్లాటకు కూడా మనిషి తోడు రాని ఊళ్ళో ఏం చెయ్యాలో ఆవిడకు తోచలేదు. ఖాళీ గిన్నె పట్టుకుని ఇంటికి వచ్చేసింది.

సంగతి విని దయామీ సోఫాలో పడి పొర్లి పొర్లి నవ్వింది. "ఆ గిన్నె పట్టుకునా అమ్మా? మనం సూప్ కాచుకునే గిన్నె?" అని మళ్ళీ నవ్వింది. తర్వాత తల్లి మొహం చూసి ఆపేసింది. మిగ్దాలియాకు నిజంగానే ఏడుపొచ్చింది. న్యోకీల కోసం కాదు. అరవై ఏళ్ళు ఒక విద్య నేర్చుకుని వస్తే ఇక్కడ అది దొంగతనం కిందికి వచ్చింది. ఆ రాత్రి తల్లీకూతుళ్ళు టికెట్టు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం ఇద్దరికీ తెలిసింది.

జూలై ఇరవై తొమ్మిదిన గాలీ వానా. అలాంటి రోజున బయటికి వెళ్ళొద్దని దయామీ చెప్పి మరీ వెళ్ళింది. మిగ్దాలియాకు పౌరుషం. లైన్లో నుంచి తనను వెళ్ళగొట్టేవాళ్ళు భూమ్మీద పుట్టలేదని చూపించాలి. గొడుగు పట్టుకుని వెళ్ళి, నేలిదా వెనకాలే, ఈసారి గుంజలా పాతుకుని నిలబడింది. ఈవిడ వెనక మళ్ళీ ఎర్ర టోపీ ఆయనే వచ్చాడు. ముగ్గురూ మొహాలు చూసుకోలేదు.

సగం లైను కదిలేసరికి దుకాణంలో కరెంటు పోయింది. విల్మార్ బయటికి వచ్చి, ఉండలు కోసే మిషను ఆగిపోయిందని, చేత్తో కోస్తున్నామని, ఆలస్యమవుతుందని, క్షమించమని చెప్పి లోపలికి పోయాడు.  వాన అడ్డంగా కొడుతోంది. గొడుగులు తిరగబడుతున్నాయి. నేలిదా బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది, మోకాలు పట్టుకుంటోంది. ఎదురుగా, వీధి దాటితే, వెచ్చగా ఒక బారు, దాని నిండా ఖాళీ కుర్చీలు. అది చూసి మిగ్దాలియా ఇక ఊరుకోలేకపోయింది.

"ఏమండీ, వెళ్ళి అక్కడ కూర్చోండి" అంది నేలిదాతో.

"చోటు పోతుంది."

"చోటు ఈ రాళ్ళ మీద ఉందా? మీ ముందున్నావిడకీ మీ వెనకున్న నాకూ మధ్య ఉంది. మీరు చంద్రమండలానికి వెళ్ళొచ్చినా అది అక్కడే ఉంటుంది. వెళ్ళండి, నేను కాస్తాను. ఎవరొచ్చి దూరతారో చూస్తాను."

నేలిదా కాసేపు ఆలోచించింది. మోకాలు గెలిచింది. కుంటుకుంటూ వీధి దాటి, బారు అద్దం పక్కన కూర్చుని, అద్దం తుడిచి తుడిచి తన చోటు వైపే చూస్తూ ఉంది. చోటు పోలేదు. అది చూసి ముందున్నావిడ కూడా మెల్లగా వచ్చి, తనూ వెళ్ళవచ్చా అని అడిగింది. ఇక మిగ్దాలియాకు పట్టపగ్గాల్లేవు. లైను పొడుగునా నడుస్తూ ఒక్కొక్కరినీ నిలదీసింది. నువ్వు ఎవరి తర్వాత నాయనా? ఆ మీసాలాయన తర్వాతా? మొహం సరిగ్గా చూసుకో, మీసాలు గుర్తుపెట్టుకోకు, రేపు గీసేస్తాడు. అలా వీధంతా ఖాళీ చేసి అందర్నీ బారులోకి తోలి, చివరికి తనూ వెళ్ళి కూర్చుంది.

ఎవరి ముందు ఎవరో, ఎవరి వెనక ఎవరో గుర్తుండాలంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోక తప్పదు. చూసుకున్నాక పేరు అడక్క తప్పదు. పక్కపక్క వీధుల్లో ముప్పై ఏళ్ళుగా ఉంటూ పలకరించుకోని ఇద్దరు, వాళ్ళ కుక్కలు మాత్రం ఎప్పుడో స్నేహం చేశాయని కనిపెట్టారు. మాతే బుర్ర చేతులు మారింది. ఈ పద్ధతిలో నియమాలేమిటని నేలిదా కాస్త బింకంగానే అడిగింది.

"ఒకటే నియమం. మనకి పెట్టుకోవచ్చు, మన ఇంటి మనిషికి పెట్టొచ్చు. అంతే" అంది మిగ్దాలియా. "బయటివాళ్ళకి పెడితే మా ఊళ్ళో జుట్టు పీకి చేతిలో పెడతారు."

నేలిదా "ఊఁ" అని గొట్టం నోట్లో పెట్టుకుంది.

అప్పుడే టై కట్టుకున్న ఒకాయన కారు దిగి, వీధిలో పురుగు కూడా లేకపోవడం చూసి, హుషారుగా దుకాణం మెట్లెక్కాడు. బారు మొత్తం ఒక్కసారి లేచి నిలబడి అరిచింది. ఉరుగ్వేవాళ్ళు ఫుట్‌బాల్‌కు తప్ప అంత గట్టిగా అరవగా మిగ్దాలియా వినలేదు. అందరికంటే గట్టిగా అరిచింది ఎర్ర టోపీ ఆయన. టై ఆయన బిక్కచచ్చి నిలబడితే, "ఆఖరు నేను, నా తర్వాత మీరు, వచ్చి కూర్చోండి" అని ఎవరో చెయ్యెత్తారు. ఇటు విల్మార్ బయటికి వచ్చి, ఖాళీ వీధి చూసి, ఇంత సరుకు ఏం చేసుకోవాలిరా దేవుడా అని తల పట్టుకున్నాడు. అప్పుడు మిగ్దాలియా బారు గుమ్మంలో నిలబడి వరసగా ఒక్కొక్కరినీ పంపించింది. ఆ పూట ఇంటికి న్యోకీలు తెచ్చింది, జలుబు తెచ్చింది, రెండూ సంతోషంగానే తెచ్చింది.

వాన వెలిసింది, దాంతోపాటు మాటలూ వెలిశాయి. మర్నాటి నుంచి మళ్ళీ తల ఊపుళ్ళే. నేలిదా కాస్త ఎక్కువ ఊపింది, అంతే తేడా. తలుపు తట్టి వెళదామంటే, ఇక్కడ సాకు లేకుండా ఎవరి తలుపూ తట్టరని దయామీ ముందే చెప్పింది. ఆగస్టంతా కిటికీలోంచి వీధిని చూస్తూ కూర్చుంది మిగ్దాలియా. ఒక్కరోజు వానకు చెరువు నిండుతుందా అని తనకు తనే చెప్పుకుంది. మాట మాటే. చలి తగ్గుతోంది, షరతు గడువు దగ్గరపడుతోంది. ఇరవై తొమ్మిదిన టికెట్ల ఆఫీసుకు వెళ్ళి ప్రయాణం తేదీ ఖాయం చేసుకు వస్తానని కూతురితో చెప్పింది.

ఆ రోజు దయామీ బూట్లు రెండూ వేసుకుని కూడా గుమ్మంలో చాలాసేపు నిలబడింది. "సరే అమ్మా" అని మాత్రం అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఏడిస్తే మిగ్దాలియాకు తేలికయ్యేది. తను వెళ్ళిపోతే ఈ సోఫాలో ఆ రెండో బూటు విప్పేదెవరు అనిపించింది. అయినా మంచి గౌను వేసుకుంది, పెదాలకు రంగు వేసుకుంది, బయల్దేరింది.

ఎండ బాగా కాసింది. విల్మార్ దుకాణం ముందు నుంచి వెళ్ళాలంటే ఎందుకో మనసొప్పక అవతలి వైపు నుంచి, తల వంచుకుని నడిచింది. అయినా కళ్ళు ఊరుకుంటాయా? ఓరగా చూస్తే దుకాణం ముందు ఒక్క మనిషి లేడు. ఇరవై తొమ్మిదినాడు లైను లేకపోవడమేమిటి? అప్పుడు మిగతావి కనబడ్డాయి. బారు ముందు కుర్చీల్లో జనం. పక్కింటి మెట్ల మీద జనం. గోడ మీద ఎండకు కాళ్ళు చాపుకుని ఇద్దరు, వాళ్ళ మధ్య రెండు కుక్కలు. వీధి చివర నుంచి చంకలో ఫ్లాస్కుతో ఒక పెద్దాయన వచ్చాడు. వచ్చి, కొంచెం సిగ్గుపడుతూ, గాల్లోకి అడిగాడు.

"ఆఖరు ఎవరండీ?"

గోడ మీద నుంచి ఒక చెయ్యి లేచింది.

మిగ్దాలియా ఉన్నచోటే ఆగిపోయింది. ఆగాక ఇక దొరికిపోయినట్టే. బారు ముందు కుర్చీలోంచి నేలిదా గొంతు వినబడింది.

"ఎక్కడికమ్మా ఆ పోవడం? నీ వంతు వచ్చేస్తుంటే?"

మిగ్దాలియా వెనక్కి చూసుకుంది, ఇంకెవరినైనా అంటోందేమోనని. "నేను ఇవాళ చోటు పెట్టుకోలేదండీ" అంది.

"నేను పెట్టాను."

"మీరా?"

"పొద్దున్నుంచి చూస్తున్నా రాలేదు. జ్వరమేమో అనుకున్నా. నా వెనకాల పెట్టా."

నేలిదాకు ఒక కుర్చీ అవతల ఎర్ర టోపీ ఆయన ఉన్నాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరి మధ్య ఉన్న ఖాళీ కుర్చీ చూపించాడు. "మీ తర్వాత నేనండీ" అన్నాడు.

మిగ్దాలియా వాళ్ళ వైపు నడిచింది. బస్సు ఒకటి వచ్చి ఆగింది, పోయింది. ఆవిడ కుర్చీ దగ్గరికి వచ్చి కూడా కూర్చోలేదు. నియమం నియమమే. "మరి ఎవరూ పోట్లాడలేదా? బయటివాళ్ళకి పెట్టకూడదు కదా" అంది.

"అడిగారు" అంది నేలిదా, బుర్రలోకి వేడినీళ్ళు వంచుకుంటూ. "ఎవరికి పెడుతున్నావని. మా ఇంటి మనిషికని చెప్పా. నువ్వేగా అన్నావు, ఇంటి మనిషికైతే పెట్టొచ్చని."

 మిగ్దాలియా కుర్చీలో కూర్చుంది. నేలిదా మాతే చేతిలో పెడితే, ఆ చేదంటే ఆవిడకు బొత్తిగా గిట్టదు కానీ, బుర్ర ఖాళీ అయ్యేదాకా పీల్చింది. కళ్ళనీళ్ళు వచ్చాయి. వేడికని చెప్పింది. ఎవరూ బూట్ల వైపు చూసుకోలేదు.

సాయంత్రం చీకటి పడ్డాక దయామీ వచ్చింది. వంటింట్లోంచి వాసన వస్తోంది. బల్ల మీద పళ్ళేలు సర్ది ఉన్నాయి, ఒక్కో పళ్ళెం కింద ఒక్కో నోటు అంచు కనబడుతోంది. ఆ పిల్ల అడగాలని, అడక్కూడదని కాసేపు తలుపు దగ్గరే తచ్చాడింది.

"టికెట్ల ఆఫీసుకి వెళ్ళావా అమ్మా?"

"లేదు తల్లీ. ఆ లైన్లో నా ముందు చాలామంది ఉన్నారు. ఇప్పట్లో నా వంతు రాదు" అంది మిగ్దాలియా, పొయ్యి వైపు తిరిగి.

దయామీ సోఫాలో కూర్చుని ఒక బూటు విప్పింది. రెండోది కూడా విప్పింది. మళ్ళీ బల్ల వైపు చూసి, పళ్ళేలు మూడున్నాయే, మూడోది ఎవరికని అడిగింది.

"నా ముందున్నావిడకి" అంది మిగ్దాలియా. "వెళ్ళి తలుపు తియ్యి. మోకాలు నొప్పి మనిషి, ఎక్కువసేపు నిలబెట్టకు."